గోడమీది పట్టికకు గుండె కట్టుబడుతుందా?

ఏ వ్యాయామశాలలోకి అడుగుపెట్టినా గోడమీద ఒక రంగుల పట్టిక కనిపించడం మామూలే. ఒక పక్క వయసు, మరో పక్క గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో చెప్పే అంకెలు. ఆకుపచ్చ గీత చేరితేనే వ్యాయామం ఫలించినట్టు, ఎర్ర గీత దాటితే ప్రమాదం. ఇప్పుడా పట్టిక గోడ దిగి ట్రెడ్‌మిల్ తెరమీదికి, ముంజేతి గడియారంలోకి కూడా చేరింది. వేషం మారినా వెనకనున్న లెక్క చాలాచోట్ల ఒకటే. 220 లోంచి వయసు తీసేస్తే మిగిలేది మీ గుండె గరిష్ఠ వేగం. అందులో 60 నుంచి 80 శాతం మధ్య నాడి ఉండేలా వ్యాయామం చేయాలి.

ఇంత తేలికైన లెక్క మరొకటి ఉండదు. మూడో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. కానీ తేలికైన లెక్కలన్నీ సరైన లెక్కలు కావు. ఈ వ్యాసంలో ఆ పట్టికనే పరీక్షకు కూర్చోబెడదాం. ముఖ్యంగా ఒక ప్రశ్న అడుగుదాం: రక్తపోటుకు మందు వాడుతున్న మనిషికి ఈ పట్టిక వర్తిస్తుందా?

ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్ళు, ఆ పైబడిన మగవారిలో సుమారు 24 శాతం, ఆడవారిలో సుమారు 21 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికోసం మందు వాడుతున్నారు. అంటే ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లోనే నాన్నగారో, అమ్మమ్మో, మేనమామో రోజూ ఉదయం బీపీ బిళ్ళ వేసుకుంటూ ఉండవచ్చు. వాళ్ళకు మందు రాసిన డాక్టరు "రోజూ అరగంట నడవండి" అని కూడా చెప్పి ఉంటారు. బిళ్ళా, నడకా రెండూ కలిసేది ఒకే శరీరంలో. పట్టికకు మాత్రం నడకే తెలుసు, బిళ్ళ సంగతి తెలియదు.

పట్టిక పుట్టుక

ముందు ఈ 220 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. చాలామంది అనుకునేట్టు ఇది వేలమందిని పరుగెత్తించి, కొలిచి, గణాంక శాస్త్రంతో వడగట్టి తీసిన సూత్రం కాదు. అమెరికాకు చెందిన శామ్యూల్ ఫాక్స్, జాన్ నాటన్, విలియమ్ హాస్కెల్ 1971లో ప్రచురించిన ఒక పత్రం నుంచి ఇది ప్రచారంలోకి వచ్చింది. గుండెజబ్బుల నివారణలో శారీరక శ్రమ పాత్ర ఆ పత్రంలోని విషయం. అప్పటికి అందుబాటులో ఉన్న రకరకాల కొలతలను ఒక గ్రాఫుమీద గుర్తించి, వాటి మధ్యగా పోయే ఒక సరళరేఖను చూపించారు. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది ఆ రేఖ. ఏ ఒక్క రేఖా ఈ కొలతలన్నిటికీ సరిగా ప్రతినిధి కాలేదని ఆ రచయితలే చెప్పుకున్నారు. ఆ హెచ్చరిక గ్రంథాలయంలో ఉండిపోయింది. రేఖ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 2002లో రాబర్ట్ రోబర్గ్స్, రాబర్టో లాండ్వేర్ ఈ చరిత్రంతా తవ్వి తీసి, సూత్రానికి శాస్త్రీయమైన పునాది లేదని విమర్శించారు.

అంతకు ఏడాది ముందు, 2001లో హిరోఫుమి తనకా, ఆయన సహచరులు 351 అధ్యయనాలలోని 18,712 మంది ఆరోగ్యవంతుల కొలతలను కలిపి చూసి మరో సూత్రం ఇచ్చారు. వయసును 0.7తో గుణించి, 208 లోంచి తీసేయాలి. రెండు సూత్రాలనూ మీరే పోల్చి చూడండి. 40 ఏళ్ళవారికి రెండూ 180 అనే చెబుతాయి. 20 ఏళ్ళవారికి పాత లెక్క 200 అంటుంది, కొత్తది 194 అంటుంది. 70 ఏళ్ళవారికి పాత లెక్కలో 150, కొత్తదానిలో 159. అంటే పాత పట్టిక చిన్నవాళ్ళ గుండెను ఎక్కువగా, పెద్దవాళ్ళ గుండెను తక్కువగా అంచనా వేస్తోందన్నమాట.

ఇంకో సంగతి. ఏ సూత్రమైనా ఇచ్చేది సగటు మాత్రమే. ఒకే వయసున్న ఆరోగ్యవంతులలో కూడా అసలు గరిష్ఠ వేగం సూత్రం చెప్పినదానికి పది పన్నెండు స్పందనలు అటూ ఇటూగా ఉండటం సర్వసాధారణం. కొందరిలో ఇరవై తేడా కూడా ఉంటుంది. సగటు లోతు మూడడుగులని నమ్మి ఏటిలో దిగకూడదని మన పెద్దలకు తెలుసు. పట్టిక రాసినవారు మరిచిపోయినట్టున్నారు.

అయితే న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పట్టిక వల్ల మేలు జరగలేదని కాదు. ఖర్చులేనిది, పరికరాలు అక్కరలేనిది. ఎన్నడూ ఒళ్ళు వంచని మనిషికి "ఇంతవరకు చాలు" అని ఒక హద్దు చూపించింది. మందులేవీ వాడని మధ్యవయస్కుడికి స్థూలమైన అంచనాగా పనికొస్తుంది. చిక్కల్లా దాన్ని అంచనాగా కాక ఆజ్ఞగా గోడమీద వేలాడదీయడంలో వచ్చింది. అన్నిటికంటే పెద్ద చిక్కు బీపీ మందులు వాడేవారి విషయంలో. దాన్ని అర్థం చేసుకోవడానికి వ్యాయామ సమయంలో ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి.

పరుగెత్తే శరీరంలో

విశ్రాంతిగా కూర్చున్న ఒక యువకుడి గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ, కొట్టిన ప్రతిసారీ 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి పంపుతుందనుకుందాం. రెండిటినీ గుణిస్తే నిమిషానికి సుమారు 5 లీటర్లు. అతడే శక్తికొద్దీ పరుగెత్తినప్పుడు స్పందనలు 190కి, ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం 110 మిల్లీలీటర్లకు పెరిగితే నిమిషానికి దాదాపు 21 లీటర్లు. నాలుగు రెట్లు! ఈ పెరుగుదలలో పెద్ద వాటా గుండె వేగానిదే.

ఈ వేగాన్ని పెంచేది ఎవరు? మొదట వేగస్ నాడి గుండెకు వేసి ఉంచిన కళ్ళెం వదులవుతుంది. తరువాత సహానుభూత నాడీవ్యవస్థ రంగంలోకి దిగుతుంది. దాని నాడుల చివరల నుంచి నారెడ్రినలిన్, అధివృక్క గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ విడుదలవుతాయి. ఇవి గుండెలోని బీటా గ్రాహకాలు అనే ప్రత్యేకమైన అణువులకు అతుక్కుంటాయి. తాళంలో తాళంచెవి తిరిగినట్టు. అప్పుడు లయారంభకం వేగం పుంజుకుంటుంది, గుండె కండరం మరింత బలంగా ముడుచుకుంటుంది. ఈ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ ప్రతిపాదించాడు.

ఇక రక్తపోటు. "వ్యాయామం చేస్తే రక్తపోటు పెరుగుతుంది" అని ఒక్క వాక్యంలో చెప్పడం సగం నిజమే. నడక, పరుగు, సైకిలు వంటి వాటిలో పై అంకె, అంటే గుండె ముడుచుకున్నప్పటి పీడనం, 120 నుంచి 180 లేదా 200 వరకు పోవచ్చు. కింది అంకె మాత్రం దాదాపు మారదు, కొంచెం తగ్గవచ్చు కూడా. ఎందుకంటే పనిచేస్తున్న కండరాలలోని చిన్న ధమనులు బాగా విచ్చుకుని రక్తానికి దారి ఇస్తాయి. బరువులెత్తడం వేరే కథ. ముడుచుకున్న కండరం రక్తనాళాలను నొక్కేస్తుంది, ఊపిరి బిగబడితే ఛాతీలో పీడనం పెరుగుతుంది, రెండు అంకెలూ ఎగబాకుతాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మాక్‌డుగల్ బృందం కండలు పెంచిన ఐదుగురి ధమనిలోనే గొట్టం అమర్చి కొలిచి 1985లో ప్రకటించిన ఫలితాలు చూడండి. కాళ్ళతో గరిష్ఠ బరువు నెట్టేటప్పుడు వారి రక్తపోటు సగటున 320/250 చేరింది! క్షణకాలమే అయినా అది ఎంత ఒత్తిడో ఊహించుకోవచ్చు. గోడమీది పట్టిక నాడిని మాత్రమే చూస్తుంది కనుక ఈ తేడా దానికి కనిపించనే కనిపించదు.

వ్యాయామం ఆపాక ఏమవుతుంది? విచ్చుకున్న నాళాలు వెంటనే ముడుచుకోవు. అందువల్ల రక్తపోటు మొదటికంటే కొంత తగ్గి, కొన్ని గంటలపాటు అలాగే ఉంటుంది. వ్యాయామం చేసే మేళ్ళలో ఇదొకటి. మందు వాడేవారు జాగ్రత్తపడవలసిన చోటు కూడా ఇదే.

మందులన్నీ ఒకటి కావు

మనం వాడుకలో "బీపీ బిళ్ళ" అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేర్వేరు దారుల్లో పనిచేసే మందులు. ఒక్కొక్కటి వ్యాయామంతో ఒక్కొక్క విధంగా కలుస్తుంది.

మొదట చెప్పుకోవలసినవి బీటా నిరోధకాలు. ఎటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ ఈ కుటుంబంలోవి. ప్రొప్రనొలాల్‌ను రూపొందించిన జేమ్స్ బ్లాక్ ఆలోచన గొప్పది. గుండెనొప్పి రోగికి ఆక్సిజన్ సరఫరా పెంచాలని అందరూ తంటాలు పడుతున్నప్పుడు ఆయన ప్రశ్నను తిరగేశాడు: గుండె అడిగే ఆక్సిజన్‌నే తగ్గిస్తే? శ్రమలోనూ ఆందోళనలోనూ ఎడ్రినలిన్ గుండెను కొట్టే కొరడా దెబ్బను ఆపితే? తాళంలో తాళంచెవి దూరకుండా ముందే మరో తాళంచెవిని దూర్చి ఉంచడమే ఆ ఉపాయం. 1960లలో వచ్చిన ఈ మందు వైద్యాన్ని మార్చేసింది. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. వ్యాయామ సమయంలో గుండె వేగం పెరగకుండా పట్టి ఉంచడం ఈ మందుకు అనుకోకుండా అంటుకున్న దోషం కాదు. అది దాని ప్రయోజనం. మందు పనిచేస్తోందనడానికి అదే సాక్ష్యం. గోడమీది పట్టిక ఈ సాక్ష్యాన్ని చూసి "నీ వ్యాయామం చాలలేదు" అని తీర్పు చెబుతుంది. మందు విజయాన్ని రోగి వైఫల్యంగా లెక్కకట్టడమే ఈ పట్టిక చేసే అసలు తప్పు.

అంకెల్లో చూద్దాం. 55 ఏళ్ళ మనిషికి పట్టిక ప్రకారం గరిష్ఠ వేగం 165. అందులో 80 శాతం అంటే 132. ఆకుపచ్చ పట్టీకి పై అంచు ఇదే. బీటా నిరోధకాలు వాడుతున్న గుండెజబ్బు రోగులను పరీక్షించి క్లింటన్ బ్రానర్, ఆయన సహచరులు 2004లో ఒక సూత్రం ఇచ్చారు. వయసును 0.7తో గుణించి 164 లోంచి తీసేయాలి. అదే 55 ఏళ్ళవారికి ఇది ఇచ్చేది సుమారు 125. అంటే పట్టిక "హాయిగా చేరుకోండి" అంటున్న 132, ఈ రోగులలో సగటు మనిషి ప్రాణం పెట్టి పరుగెత్తినా అందుకోలేని అంకె! ఈ రెండో సూత్రాన్ని కూడా గోడకెక్కించాలని నా ఉద్దేశం కాదు. అది గుండెజబ్బు ఉన్నవారినుంచి తీసినది. వ్యక్తికీ వ్యక్తికీ తేడా అందులో ఇంకా ఎక్కువ. ఏ మందు, ఎంత మోతాదు, బిళ్ళ వేసుకుని ఎంతసేపయింది అన్నదాన్నిబట్టి కూడా వేగం మారుతుంది. పట్టిక ఎంత దూరం తప్పగలదో చూపడానికే ఈ పోలిక.

మరి వేగం పెరగని గుండె కండరాలకు రక్తం ఎలా అందిస్తుంది? స్పందనకూ స్పందనకూ మధ్య ఎడం ఎక్కువ కనుక గుండె గదులు మరింత నిండుతాయి. నిండిన గది మరింత రక్తాన్ని బయటికి నెడుతుంది. కండరాలు కూడా వచ్చిన రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. ఈ సర్దుబాట్లవల్ల మామూలు నడకకు లోటు రాదు. గరిష్ఠ సామర్థ్యం మాత్రం కొంత తగ్గుతుంది, అలుపు త్వరగా రావచ్చు. ప్రొప్రనొలాల్ వంటివి గుండెలోని గ్రాహకాలతో ఆగక శరీరంలోని మిగతా బీటా గ్రాహకాలనూ మూసేస్తాయి కనుక కొవ్వు కరిగి ఇంధనంగా మారడాన్ని కూడా మందగింపజేస్తాయి, ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఇబ్బంది తెస్తాయి. అయినా క్రమం తప్పక వ్యాయామం చేస్తే బీటా నిరోధకాలు వాడేవారి సామర్థ్యం కూడా పెరుగుతుందని అధ్యయనాలు చూపించాయి. నాడి పట్టిక దాకా చేరకపోయినా ఫలితం చేరుతుందన్నమాట.

చక్కెరవ్యాధికి కూడా మందు వాడేవారికి ఒక అదనపు హెచ్చరిక. రక్తంలో చక్కెర పడిపోతున్నప్పుడు గుండె దడ, చేతుల వణుకు ముందుగా హెచ్చరిస్తాయి. బీటా నిరోధకాలు ఈ గంటను మోగనివ్వవు. చెమట పట్టడం ఒక్కటే మిగిలే గుర్తు కావచ్చు. వ్యాయామం చేస్తుంటే చెమట ఎలాగూ పడుతుంది!

రెండో కుటుంబం నీరు తీసే మందులు, అంటే మూత్రవర్ధకాలు. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఇందులోవి. ఇవి గుండె వేగాన్ని నేరుగా పట్టుకోవు. కానీ ఒంట్లోంచి నీటినీ ఉప్పునూ బయటికి పంపుతాయి, పొటాషియమ్‌ను కూడా వెంట తీసుకుపోతాయి. పొటాషియమ్ బాగా తగ్గితే కండరాల నీరసం, గుండె లయ తప్పడం సంభవించవచ్చు. ఇక ఎండ తోడైతే చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అలాంటి నెలలో ఉదయం తొమ్మిది గంటలకు నడకకు బయలుదేరే వృద్ధుడు మూత్రవర్ధకం వాడుతున్నట్టయితే, అతడికి ముప్పు నాడి అంకెనుంచి రాదు, తగ్గిపోతున్న నీటినుంచి వస్తుంది. ఎండాకాలానికీ చలికాలానికీ పట్టికలో ఒకటే అంకె.

మూడో కుటుంబం కాల్షియమ్ మార్గ నిరోధకాలు. ఒకే కుటుంబమైనా అన్నదమ్ముల తీరు వేరు. మన ఆసుపత్రుల్లో విరివిగా వాడే ఆమ్లోడిపిన్ రక్తనాళాలను విప్పుతుంది, గుండె వేగం జోలికి పెద్దగా పోదు. వెరాపమిల్, డిల్టియజెమ్ మాత్రం గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. నాలుగోది ఏంజియోటెన్సిన్ అనే రసాయనం పనికి అడ్డుపడే మందులు. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ వంటివి ఇందులోవి. బ్రెజిల్ దేశపు ఒక పాము విషంపై జరిగిన పరిశోధన ఈ దారి చూపించింది. ఆ దారిన వచ్చిన కాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి లభించింది. ఈ మందులు వ్యాయామంలో గుండె వేగాన్ని పెద్దగా మార్చవు. ప్రజోసిన్ వంటి ఆల్ఫా నిరోధకాలు నాళాలను విప్పుతాయి.

నాళాలను విప్పే మందులన్నిటితోనూ జాగ్రత్తపడవలసిన క్షణం ఒకటుంది. వ్యాయామాన్ని చటుక్కున ఆపి నిలబడిపోయే క్షణం. నడుస్తున్నంతసేపూ పిక్కల కండరాలు సిరలను పిండుతూ రక్తాన్ని పైకి నెడుతుంటాయి. ఆగగానే ఆ పంపు ఆగిపోతుంది. నాళాలేమో వ్యాయామంవల్లా, మందువల్లా విచ్చుకుని ఉన్నాయి. రక్తం కాళ్ళలో నిలిచిపోతుంది, మెదడుకు చాలక కళ్ళు తిరుగుతాయి. విరుగుడు సులభం. చివరి ఐదు పది నిమిషాలు మెల్లగా నడిచి ఆపాలి.

చూశారా? ఒక మందు వేగాన్ని పట్టేస్తుంది, ఒకటి నీటిని తీస్తుంది, ఒకటి నాళాలను విప్పుతుంది, మరొకటి నాడిని దాదాపు ముట్టుకోదు. చాలామంది వీటిలో రెండు మూడు కలిపి వాడతారు. వయసు అనే ఒక్క అంకెతో వీటన్నిటినీ కొలవాలనుకోవడం ఒకే చెప్పును ఊరందరికీ తొడగడం లాంటిది.

నష్టం ఎవరికి?

"పోనీ, పట్టిక తప్పయితే మునిగిపోయిందేముంది?" అని అడగవచ్చు. నష్టం రెండు వైపులా ఉంది. ఒకవైపు, ఆకుపచ్చ గీత అందుకోవాలని పంతంపట్టి ఒంటికి మించి పరుగెత్తే మనిషి. గడియారం 110 చూపిస్తోంది, ఊపిరి అందడం లేదు, అయినా ఇంకా 22 పెరగాలని అతడి ఆరాటం. రెండోవైపు, "ఈ బిళ్ళవల్లే నా గుండె లేవడం లేదు" అని నిర్ణయించుకుని మందు మానేసే మనిషి. ఇది మరీ ప్రమాదం. బీటా నిరోధకాలు చాలాకాలం వాడినప్పుడు, మూసుకుపోయిన తాళాలకు బదులుగా శరీరం కొత్త తాళాలను తయారుచేసుకుంటుంది. మందు హఠాత్తుగా ఆపితే ఆ తాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. గుండె వేగం, రక్తపోటు ఎగసిపడతాయి. గుండెజబ్బు ఉన్నవారిలో గుండెపోటు కూడా రావచ్చు. అందుకే ఈ మందును ఆపవలసివచ్చినా వైద్యులు మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తారు.

మందు మానేయడానికి పత్రికల శీర్షికలు కూడా తమవంతు సాయం చేస్తుంటాయి. 2018 డిసెంబరులో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో హుసేన్ నాజీ బృందం విశ్లేషణ వెలువడింది. 197 వ్యాయామ ప్రయోగాలను, 194 మందుల ప్రయోగాలను కలిపి చూశారు. "బీపీకి బిళ్ళలెంతో వ్యాయామమూ అంతే" అన్న ధోరణిలో వార్తలు వచ్చాయి. పరిశోధన చెప్పినది వేరు. మొత్తంమీద చూస్తే మందులే రక్తపోటును ఎక్కువగా తగ్గించాయి. రక్తపోటు మొదటినుంచీ ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం రెండూ దాదాపు సమానంగా కనిపించాయి. అదీ వేర్వేరు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. వ్యాయామాన్నీ మందునూ ముఖాముఖి పోటీ పెట్టిన ప్రయోగం ఒక్కటి కూడా వారి చేతికి చిక్కలేదు. దీన్ని చూసి మందులు మానవద్దని పరిశోధకులే హెచ్చరించారు. 1971 నాటి రేఖ విషయంలోనూ జరిగింది ఇదే. శాస్త్రజ్ఞుడు "బహుశా" అన్నదాన్ని ప్రచారం "తప్పక" అని మార్చేస్తుంది.

ఈ మందులు ఆరోగ్యవంతుల చేతిలో పడితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. తుపాకీ గురిపెట్టేవాడికి గుండె నెమ్మదించడం, చేతి వణుకు తగ్గడం వరం. అందుకే విలువిద్య, షూటింగ్ వంటి పోటీల్లో బీటా నిరోధకాలు నిషిద్ధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్-సు ప్రొప్రనొలాల్ వాడినట్టు తేలి రెండు పతకాలు పోగొట్టుకున్నాడు. మూత్రవర్ధకాలు ఇతర మందుల ఆనవాళ్ళను కప్పిపుచ్చగలవు కనుక క్రీడాకారులకు అన్నివేళలా నిషిద్ధం. ఒక మందు మంచిదా చెడ్డదా అన్నది ఆ మందును చూసి చెప్పలేం. ఎవరు, ఎందుకు వాడుతున్నారో చూసి చెప్పాలి.

గోడమీద ఏం రాయాలి?

విమర్శించి ఊరుకుంటే చాలదు. పట్టికకు బదులు ఏమిటి? సమాధానం కొత్తదేమీ కాదు. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ చాలాకాలం క్రితమే, మనిషి తన శ్రమను తానే అంచనా వేసుకునే ఒక కొలబద్ద ఇచ్చాడు. అది 6తో మొదలై 20తో ముగుస్తుంది. ఏ శ్రమా లేకపోతే 6, ఇక ఒక్క అడుగు కూడా వేయలేననిపిస్తే 20. 12, 13 దగ్గర ఉంటే మధ్యరకం శ్రమ. ఈ వింత అంకెలకు కారణముంది. పదితో గుణిస్తే ఆరోగ్యవంతుడైన యువకుడి నాడికి దగ్గరగా వస్తుందని బోర్గ్ ఉద్దేశం. బీటా నిరోధకం వాడేవారి విషయంలో ఈ పదితో గుణకారం చెడిపోతుంది. కానీ "ఎంత కష్టంగా ఉంది?" అన్న ప్రశ్నకు వారి శరీరం ఇచ్చే జవాబు చెడిపోదు. ఊపిరి, కండరాల బరువు, అలుపు అన్నీ కలిసి ఇచ్చే జవాబు అది.

అంకెలు కూడా వద్దనుకునేవారికి ఇంకా సులువైన పరీక్ష ఉంది. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం పెంచవచ్చు. మాట కూడా తెగిపోతుంటే తగ్గించాలి. ఏ మందు వాడినా ఈ పరీక్ష పనికొస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, లయ తప్పిన గుండెదడ ఉంటే మాత్రం ఏ పరీక్షా వద్దు. వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి. నాడి అంకె తప్పనిసరిగా కావాలంటే, మామూలుగా మందు వేసుకునే ఉండి వైద్యుల పర్యవేక్షణలో చేసే ట్రెడ్‌మిల్ పరీక్షలో ఆ వ్యక్తి గుండె ఎంతవరకు పోయిందో దాన్నిబట్టి నిర్ణయించాలి. అది అతడి అంకె, ఊరందరిదీ కాదు.

మీ తరగతిలో ఒక ప్రయోగం

పైన చెప్పినదాన్ని నమ్మి ఊరుకోవద్దు. మీరే కొలిచి చూడండి. గుండెజబ్బు, ఉబ్బసం వంటి ఇబ్బందులు లేని విద్యార్థులు ఉపాధ్యాయుల ఎదుట ఈ ప్రయోగం చేయవచ్చు. ముందు కూర్చుని మణికట్టు దగ్గర నాడిని 30 సెకన్లు లెక్కించి రెండుతో గుణించండి. తరువాత మూడు నిమిషాలు ఉన్నచోటే అందరూ ఒకే వేగంతో అడుగులు వేయండి. ఆగగానే 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి. ఒక నిమిషం తరువాత మళ్ళీ లెక్కించండి. మూడు అంకెలనూ నల్లబల్లమీద రాయండి.

మీ అందరి వయసూ దాదాపు ఒకటే. పట్టిక ప్రకారం అందరి గుండె ఒకే హద్దులో నడవాలి. అందరూ వేసిన అడుగులూ ఒకటే. మరి బల్లమీది అంకెలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చూడండి. ఎవరి నాడి త్వరగా దిగింది? రోజూ ఆటలాడేవారిదా, ఆడనివారిదా? ఏ మందూ వాడని ఒకే వయసు పిల్లల్లోనే ఇంత తేడా ఉంటే, మందులు వాడే పెద్దవారిలో ఎంత ఉంటుందో ఆలోచించండి. ఇంట్లో మందు వాడుతున్న పెద్దవారిమీద మాత్రం ఈ ప్రయోగం చేయకండి. వారికి మీరు చేయగల మంచి పని మరొకటి ఉంది. వారు వాడే బిళ్ళల పేర్లు ఒక కాగితంమీద స్పష్టంగా రాసి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "ఈ మందుతో ఎంత వ్యాయామం చేయవచ్చు, ఎప్పుడు ఆపాలి?" అని అడగమనండి.

ఆ జవాబు తెచ్చుకున్నాక నాన్నగారు నడకకు బయలుదేరితే వీలున్నప్పుడు మీరూ వెంట వెళ్ళండి. గడియారం ఏమంటోందో చూడకండి. దారిపొడుగునా ఆయనతో మాట్లాడుతూ నడవండి. మాట సాగుతున్నంతవరకు నడక సరిగా సాగుతున్నట్టే.